పిలిస్తే పారిపోతున్న పండు

ప్రశ్న: మా పండు వీధికుక్క పిల్ల. వానాకాలంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికితే పెంచుకుంటున్నాం. ఇప్పుడు పది నెలలు. ఇంట్లో గిన్నె చప్పుడైతే పరుగెత్తుకొస్తుంది. గేటు దాటితే మాత్రం ఎంత పిలిచినా రాదు, దగ్గరికెళ్తే ఇంకా దూరం పోతుంది. మొన్న మెయిన్ రోడ్డు దాకా వెళ్లిపోయింది. ఆ టెన్షన్ ఇంకా తగ్గలేదు. దేశీ కుక్కలు కర్ర చూపిస్తేనే మాట వింటాయని ఒక ట్రైనర్ అన్నాడు. మా అత్తయ్య కూడా అదే అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: నిజం కాదమ్మా. నేను పోలీసు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్‌గా పనిచేసి రిటైరయ్యాను. బాంబులు వెతికే కుక్క కూడా ఆ పని చేసేది చివర్లో దొరికే బంతి కోసం, హ్యాండ్లర్‌తో ఆట కోసం. దేశీ అనే వంక కూడా చెల్లదు. కర్ణాటక ముధోల్ కుక్కలకు మన సైన్యం మీరట్‌లో శిక్షణ ఇచ్చింది. కర్ర దెబ్బ తిన్న కుక్క నేర్చుకునేది ఒక్కటే, మన చేతికి అందకుండా ఉండటం. గుర్రుమంటే కొడితే ఇంకా ప్రమాదం. రేపు గుర్రుమనకుండానే కరుస్తుంది.

పండును మీరు ఎప్పుడెప్పుడు పిలుస్తారో ఒకసారి గుర్తుచేసుకోండి. స్నానానికి, చెవుల్లో మందు వేయడానికి, ఆట మధ్యలో గొలుసు తగిలించడానికి, చెప్పు కొరికినందుకు తిట్టడానికి. రోడ్డు మీద నుంచి తిరిగొచ్చిన రోజు కూడా ఎవరో ఒకరు రెండు వేసే ఉంటారు. పారిపోయినందుకు కొట్టామని మనం అనుకుంటాం. దానికి అర్థమయ్యేది మాత్రం దగ్గరికొస్తే దెబ్బలు పడతాయని. పైగా పది నెలలంటే కుర్రతనం, బయటి వాసనలన్నీ లాగుతుంటాయి.

పాత పిలుపు పాడైపోయింది కాబట్టి కొత్తది పెట్టుకోండి. మన హైదరాబాద్‌లో 'ఆజా' అందరి నోటా తేలిగ్గా పలుకుతుంది. ఇంట్లో అందరూ అదే అనాలి, ఒక్కసారే అనాలి. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలు చేసుకోండి. బిర్యానీలోది వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికిన ఎముక సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది.

మొదట హాల్లో రెండడుగుల దూరం నుంచి పిలవండి. రాగానే మెడ పట్టీ మెల్లగా పట్టుకుని, ముక్క పెట్టి, మెచ్చుకుని, మళ్లీ వదిలేయండి. ఈ వదిలేయడాన్నే చాలామంది పట్టించుకోరు. వస్తే ఆట ఆగిపోతుందన్న అనుమానం పోవాలంటే ఇదే దారి. పూటకు ఐదు నిమిషాలు చాలు, అది ఇంకా ఉత్సాహంగా ఉండగానే ఆపేయండి. తర్వాత గది మార్చండి, ఆపైన కారిడార్‌లో పిలవండి. అక్కడ తడబడకుండా వచ్చాకే తెల్లవారుజామున కాలనీ పార్కుకు తీసుకెళ్లండి. మెడకు కాకుండా ఒంటికి వేసే హార్నెస్‌కు పొడవాటి తాడు కట్టండి. రానప్పుడు తాడు గుంజకండి, దూరం తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి. స్నానానికీ మందుకూ మాత్రం ఈ పిలుపు వాడొద్దు. మీరే దాని దగ్గరికి వెళ్లండి.

మళ్లీ చేయి జారిపోతే వెంటపడకండి, దానికది పరుగుపందెం. మీరు వెనక్కి తిరిగి ఎదురుదిక్కుకు పరుగెత్తండి, లేదా కింద కూర్చుని నేలమీద ఏదో వెతుకుతున్నట్టు ఉండండి. అరగంట తర్వాత వచ్చినా సరే, ఒక్క మాట అనకుండా డబ్బాలో ఉన్న చికెన్ ముక్కలన్నీ పెట్టేయండి. మీలో ఎంత కోపం, ఎంత భయం ఉన్నా ఆ క్షణంలో దిగమింగుకోవాల్సిందే తల్లీ.

అత్తయ్యగారికి కూడా రోజూ ఒకసారి పిలిచి ముక్క పెట్టే పని అప్పజెప్పండి. ఏప్రిల్, మే నెలల్లో తారురోడ్డు మీద అరచేతి వెనకభాగం ఆనించి చూడండి. కాసేపు ఉంచలేకపోతే పండు పాదాలూ కాలతాయి, ఆ పూట బయటికి తీయకండి. తాడు లేకుండా వదిలి చూడాలనిపిస్తే రోడ్డు పక్కన కాదు, చుట్టూ కంచె ఉన్నచోటే వదలండి. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో తెరిచిన డాగ్ పార్క్ ఉంది. టీకాలన్నీ పూర్తయ్యాకే అక్కడికి తీసుకెళ్లండి.