అమెరికా సుంకం విశాఖలో ఎవరికి తగిలింది?

"మన రొయ్యల మీద అమెరికా వేసిన సుంకం కట్టేది అక్కడ కొనేవాడే కదా, మనకేంటి నష్టం?" అని ఒకరు అడిగారు. కాగితం మీద అంతే. నేను విశాఖ దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో పీలింగ్ (పొట్టు ఒలిచే) సెక్షన్ సూపర్‌వైజర్‌ని. ఈ వ్యాపారంలో చాలా సరుకు డీడీపీ మీద పోతుంది, అంటే సుంకం కూడా ఎగుమతి చేసే మనవాడే కట్టి అక్కడి గోడౌన్‌కి చేర్చాలి. రేటు ముందే మాట్లాడేసుకుని ఉంటారు, మరి ఎవడి జేబుకి చిల్లు?

2025 ఆగస్టు 7 నుంచి మన దేశం సరుకు మీద 25 శాతం సుంకం అంది అమెరికా. ఆలోపు ఓడెక్కిన సరుకుకి పాత లెక్కేనని తెలియగానే ప్లాంటు పెళ్లిల్లయిపోయింది. గేటు బయట రీఫర్ (సరుకుని చల్లగా ఉంచే) కంటైనర్లు, లోపల నైట్ షిఫ్టులు. భీమిలి వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు ఐసు నీళ్లకి వేళ్లు కొంకర్లు పోతున్నా ఒలుస్తూనే ఉన్నారు. కేజీ లెక్కన కూలి కాబట్టి ఎవరూ గొణగలేదు కూడా. ఆగస్టు 27న ఇంకో 25 కలిసి 50 అయింది, మరీ చవగ్గా అమ్ముతున్నారని ఎప్పట్నుంచో వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకాలు దానికి అదనం. అప్పట్నుంచి ఆ ఆడవాళ్లని తెచ్చే ప్లాంటు బస్సు సగం ఖాళీ. ఒక పెద్దావిడ చీటీ డబ్బులు కట్టాలి, రోజూ చేతులు తుడుచుకుంటూ "బాబూ, రేపు బస్సు వస్తాదా?" అనేది. "ఫోన్ చేస్తాం అమ్మా" అనడం తప్ప నేనేం చెప్పగలను?

రొయ్యల్లో మనకి పోటీ అయిన ఈక్వడార్‌కి అప్పుడు 15 శాతమే, పైగా వాళ్లు అమెరికాకి దగ్గర. విచిత్రం ఏంటంటే మనం పెంచే వనామీ రకం రొయ్యకి పిల్లల్ని పెట్టే తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా నుంచే విమానంలో వస్తాయి, వాటికి డాలర్లు మనమే పోస్తాం.

వేరే దేశాలకి అమ్ముకోవచ్చుగా అంటారు టీవీల్లో కూర్చునే మేధావులు. యూరప్ వాళ్లు యాంటీబయాటిక్ టెస్టులతో చంపుతారు. చైనాకి ఎక్కువగా తలతోనో పొట్టుతోనో బ్లాకులు కట్టి పంపేస్తారు, ఒలిచే పని అక్కడే జరుగుతుంది. రేపు ఎగుమతులు మళ్లీ పుంజుకున్నాయని పేపర్లో వేసినా మా బస్సు నిండుతుందని నాకు నమ్మకం లేదు.

అన్నట్టు, ఈ సుంకం దెబ్బకి చెరువు దగ్గర రైతుకిచ్చే రొయ్య రేటు పడిపోతే, మన ఊరి హోటళ్లలో రొయ్యల బిర్యానీ రూపాయి కూడా తగ్గలేదేం? దానికి ఏ ట్రంప్‌ని అడగాలో!