చిత్తూరు జిల్లాకు సంబంధించినంతవరకు ఆర్టీసీ ఎప్పుడు పుట్టినట్టు?

ఆర్టీసీ వయసును 1932 నుంచి లెక్కించాలా, 1958 నుంచి లెక్కించాలా అని, తిరుమల బస్సులను ఒకప్పుడు దేవస్థానమే నడిపేదన్న మాట నిజమేనా అని మీరు అడిగారు. తిరుపతిలో డిపో గ్యారేజీ మెకానిక్‌గా పనిచేసి విరమించినవాణ్ణి కనుక తెలిసినంత రాస్తున్నాను.

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధంగా 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ మొదలైన మాట వాస్తవమే కానీ, అది హైదరాబాదు సంస్థానపు ముచ్చట; అప్పటికి చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఇక్కడి రోడ్లపై తిరిగినవి ప్రైవేటు బస్సులు. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినంత మాత్రాన మరునాడే అన్ని ఊళ్లకూ ఎర్రబస్సు రాలేదు. ప్రైవేటు రూట్ల జాతీయీకరణ దశలవారీగా, కోర్టు వ్యాజ్యాల నడుమ సాగింది. కృష్ణా జిల్లా బస్సు యజమానులు వేసిన కేసులో, అభ్యంతరాలు విన్నది ఒకరు, నిర్ణయించింది మరొకరు కావడం న్యాయం కాదని 1958 నవంబరులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. (ఆ తీర్పు రాసిన కోకా సుబ్బారావు గారే మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్.)

ఇక కొండ సంగతి. 1944 ఏప్రిల్‌లో మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభమయ్యేదాకా భక్తులు నడిచో, డోలీలోనో ఎక్కవలసిందే. ఆ తర్వాత దేవస్థానం సొంత బస్సులు నడిపిన మాట నిజం. అవి 1970ల మధ్యలో ఆర్టీసీ చేతికి వచ్చాయి. దాదాపు అదే కాలంలో, 1974లో, రెండో ఘాట్ రోడ్డు సిద్ధం కావడంతో ఎక్కే బండ్లు కొత్త దారిన, దిగే బండ్లు పాత దారిన సాగుతున్నాయి.

మా గ్యారేజీకి ఆ దిగే దారితోనే పని. ఏ గేరులో ఎక్కే వాలు అయితే ఆ గేరులోనే దిగాలన్నది ఘాట్ డ్రైవర్లకు పెద్దలు చెప్పిన సూత్రం. దాన్ని ఎవరు పాటించారో, ఎవరు బ్రేకు తొక్కుతూ దించారో చక్రంలోని బ్రేకు డ్రమ్ము విప్పితే తెలిసిపోయేది: రెండో రకం బండిలో లైనరు (బ్రేకు వేసినప్పుడు డ్రమ్ముకు రాసుకుని ఆపే పట్టీ) కాలిన వాసన వేస్తూ, పైన గాజుపొరలా నిగనిగలాడేది. అలాంటి లైనరు పైకి మందంగానే కనిపించినా పట్టు ఉండదు కాబట్టి, మార్చకుండా ఆ బండిని మళ్లీ కొండకు పంపేవాళ్లం కాదు. మైదానపు రూట్లలో తిరిగే బండికి ఇంత పరీక్ష ఉండేది కాదు.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు 1958. 2015లో సంస్థ రెండుగా విడిపోయాక నిజాం నాటి వారసత్వం సహజంగా తెలంగాణ వైపే చేరుతుంది. 2020 జనవరి 1 నుంచి ఇక్కడి ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ కింద ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. బస్సు మీద మాత్రం సంస్థ పేరే కొనసాగుతోంది.