డిమెన్షియా ఉన్న అమ్మ నొప్పిని ఫోన్ యాప్ కనిపెడుతుందా?

రాజమండ్రి వృద్ధుల హోమ్‌లో ఉన్న మీ అమ్మగారు స్నానం చేయించబోతే చేతులు విసురుతున్నారని, హోమ్‌వాళ్ళు నిద్రమాత్ర వేద్దామంటున్నారని రాశారు. నొప్పిని కనిపెట్టే యాప్ పనికొస్తుందా అని అడిగారు. ఆస్ట్రేలియాలో వృద్ధుల హోమ్‌లో పనిచేసినప్పుడు పెయిన్‌చెక్ అనే యాప్ రోజూ వాడాను. ఇప్పుడు పాలకొల్లులో మా అత్తయ్యగారిని చూసుకుంటున్నాను. ఆవిడకీ డిమెన్షియానే, అల్జీమర్స్ వల్ల వచ్చింది.

పనికొస్తుందండీ, కానీ మనిషి పక్కన ఉంటేనే. ఫోన్ కెమెరా మూడు సెకన్లు మొహం చూసి కనుబొమలు ముడిపడటం, పైపెదవి లేవడం, కళ్ళు బిగించడం లాంటి 9 గుర్తులు వెతుకుతుంది. మొత్తం గుర్తులు 42. మూలగడం, కుంటడం, దగ్గరికి రానివ్వకపోవడం లాంటి మిగతా 33 ఆ పూట చూసుకునే మనిషే టిక్ పెట్టాలి. కనిపించిన గుర్తుల సంఖ్యే స్కోరు. అది 7 వస్తే నొప్పి మొదలైనట్టు, 16 నుంచి తీవ్రం. ఎంత నొప్పో చెబుతుంది గానీ, ఎక్కడో చెప్పదు. పార్కిన్సన్స్ వల్ల మొహం బిగుసుకుపోయినవాళ్ళ విషయంలో కెమెరాని అంతగా నమ్మలేం.

స్కోరు ఎప్పుడు తీస్తామన్నది చాలా ముఖ్యం. కదలకుండా కూర్చున్నప్పుడు నొప్పి బయటపడకపోవచ్చు. మంచం మీంచి లేపేటప్పుడు, పక్కకు తిప్పేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు చూడాలి. మా అత్తయ్యగారు అన్నం తోసేస్తుంటే మతిమరుపు ముదిరిందన్నారు అందరూ. "నొప్పిగా ఉందా?" అంటే "ఏం లేదమ్మా" అనేవారు. కానీ పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టగానే కుడి కన్ను సన్నగా మూసుకునేది, చెయ్యి చీర కొంగుని నలిపేసేది. పళ్ళసెట్టు తీసి టార్చి వేసి చూస్తే కింది చిగుళ్ళ మీద పుండు. పళ్ళ డాక్టరు సెట్టు అరగదీసి ఇచ్చారు, పుండు మానాక తినడం మొదలెట్టారు.

యాప్ దొరక్కపోతే పెయినాడ్ అనే కాగితం స్కేలు అడగండి. ఊపిరి, మూలుగు, మొహం, ఒళ్ళు, ఓదారిస్తే ఊరుకుంటున్నారా అన్న ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు, మొత్తం 10. మన ఆయాలు ఒక్క పూటలో నేర్చేసుకోగలరు.

నిద్రమాత్ర విషయంలో మాత్రం తొందరపడొద్దు, దయచేసి. చేతులు విసరడం నొప్పి వల్లే కావచ్చు. నార్వేలో డిమెన్షియా ఉన్న 352 మంది హోమ్ పేషెంట్ల మీద చేసి, 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పద్ధతిగా నొప్పికి మందు ఇస్తే ఎనిమిది వారాల్లో ఆందోళన దాదాపు 17 శాతం తగ్గింది. ఎక్కువమందికి ఇచ్చింది పారాసెటమాలే. కాబట్టి డాక్టరుగారిని ముందు మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, పళ్ళు, తుంటి, వీపు మీద పుండ్లు చూడమనండి. ఆ తర్వాత పారాసెటమాల్ కొన్నాళ్ళు వేసి చూద్దామా అని అడగండి. లివర్ ఇబ్బంది ఉంటే ముందే చెప్పండి, డోసు ఆయనే నిర్ణయిస్తారు. వేసేముందు స్కోరు, వేశాక స్కోరు రెండూ హోమ్‌వాళ్ళ చేత రాయించండి.