పాత ఎల్ఎంఎస్‌కి తాళం వేసే ముందు

అమ్మా,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. యూనివర్సిటీ మొత్తాన్ని కొత్త ఎల్ఎంఎస్‌కి, అంటే పాఠాలు, అసైన్‌మెంట్లు, మార్కులు ఆన్‌లైన్‌లో నడిపే కొత్త సైటుకి మార్చే బాధ్యత నీకిచ్చారని, వచ్చే సెమిస్టర్ మొదటి రోజుకల్లా అయిపోవాలని సర్క్యులర్ కూడా వచ్చేసిందని, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదని రాశావు. ఫోన్‌లో చెబితే ఇవన్నీ గుర్తుండవు, అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను కంప్యూటర్ సెంటర్‌లో ఉన్నన్నాళ్ళలో ఇలాంటి మార్పు రెండుసార్లు చేశాను. మొదటిసారి జరిగిన తప్పు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది, ముందు అదే చెబుతాను.

గురువారం రాత్రి పాత సర్వర్ బ్యాకప్ తీసుకున్నాం. దాన్ని కొత్త సర్వర్ మీద ఎక్కించి, కోర్సులన్నీ వచ్చాయో లేదో చూసుకుని, సోమవారం పొద్దున్న అడ్రస్ కొత్తదానికి తిప్పాం. అంతా సవ్యంగా జరిగిందనే అనుకున్నాం. కానీ ఆ మధ్య మూడు రోజులూ పాత సైటు తెరిచే ఉంది, పిల్లలు అందులో అసైన్‌మెంట్లు పెడుతూనే ఉన్నారు. సోమవారం లాగిన్ అయితే వాళ్ళకి కనిపించింది గురువారం నాటి కాపీ, శుక్ర శని ఆదివారాల్లో పెట్టినవి ఒక్కటీ అందులో లేవు. పది రోజుల తర్వాత ఎంకామ్ చదివే ఒక అమ్మాయి రెండు బస్సులు మారి మా ఆఫీసుకి వచ్చి, నోట్‌బుక్ చేత్తో పట్టుకుని "నేను పెట్టాను సార్, నిజంగా పెట్టాను" అంది. పాత సర్వర్ తెరిచి వెతికితే ఉంది, శనివారం రాత్రి పదకొండు దాటాక పెట్టింది. అప్పటికే ఇంటర్నల్స్‌లో సున్నా పడిపోయింది, దాన్ని సరిచేయించడానికి మూడు ఆఫీసులు తిరగాల్సి వచ్చింది. తర్వాత మేమే కూర్చుని ఆ మూడు రోజుల పేపర్లన్నీ వెతికి తీశాం గానీ, ఆ పిల్ల వచ్చి అడక్కపోతే మాకు ఆ ఆలోచనే వచ్చేది కాదు.

కాబట్టి బ్యాకప్ బటన్ నొక్కే ముందే పాతదాంట్లో రాసే దారి మూసెయ్యి. సైటు మొత్తం ఆపక్కర్లేదు, మన ఎల్ఎంఎస్ నడిచే సాఫ్ట్‌వేర్ మూడుల్‌లో స్టూడెంట్ రోల్ నుంచి సబ్మిట్ చేసే అనుమతి తీసేస్తే చాలు, చదువుకోవడానికి తెరిచే ఉంటుంది. ఆ మూసే తేదీ, గంట పదిహేను రోజుల ముందే చెప్పు, ఆ వారంలో ఎవరూ డెడ్‌లైన్ పెట్టకుండా హెచ్ఓడీలందరి దగ్గరా మాట తీసుకో. ఈ పని మొత్తంలో ఏ నిర్ణయం ముందుకొచ్చినా, దీనివల్ల ఒక్క విద్యార్థి మార్కు గానీ పేపరు గానీ పోయే వీలుందా అని మొదట అడుగు. హోం పేజీ రంగు, లోగో సైజు మీద మీటింగుల్లో గంటలు గడుస్తాయి, అవి తర్వాతైనా చేసుకోవచ్చు.

సర్క్యులర్‌లో తేదీ వేసేశారని వెనక్కి తగ్గకు. వీసీ గారి దగ్గరికి వెళ్ళి, మొదటి సెమిస్టర్ రెండు డిపార్ట్‌మెంట్లతో మొదలుపెట్టి రెండో సెమిస్టర్‌కి అందరినీ తెస్తామని అడుగు. అందరూ కంప్యూటర్ సైన్స్ వాళ్ళతో మొదలుపెట్టమంటారు, ఒప్పుకోకు. వాళ్ళకి ఇబ్బంది వస్తే వాళ్ళే సరిచేసుకుంటారు, నీదాకా ఏ సమస్యా రాదు, నీకు తెలిసేదీ ఏమీ ఉండదు. తెలుగు డిపార్ట్‌మెంట్‌ని ఒకటి తీసుకో, పిల్లలు ఎక్కువగా ఉండే కామర్స్‌ని ఒకటి తీసుకో.

తెలుగు డిపార్ట్‌మెంట్ ఎందుకంటే, అక్కడ ఏళ్ళ తరబడి తయారైన నోట్సు చాలా వరకు డీటీపీ వాళ్ళు అను ఫాంట్లలో టైపు చేసింది. ఆ ఫాంట్లు యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి, కావు. కంప్యూటర్‌కి అవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే, ఫాంటే వాటిని తెలుగులా చూపిస్తుంది. దాన్ని కాపీ చేసి కొత్త సైటులో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. పీడీఎఫ్‌గా పెడితే కంటికి బాగానే కనిపిస్తుంది కానీ అందులో పదం వెతికితే దొరకదు. పైగా చూపు లేని పిల్లలు ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌తో వింటారు, వాళ్ళకి అందులో ఒక్క మాట కూడా అర్థం కాదు. ఫోన్‌తో ఫొటో తీసి పెట్టిన నోట్సుదీ ఇదే కథ. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, ఎవరో ఒకరు కూర్చుని చదివి దిద్దాలి. ఎంఏ పిల్లలకి ఆ పని అప్పగించి, చేసినదానికి తగిన డబ్బు ఇప్పించు. మంచి నోట్సు ఇంకో ఇరవై ఏళ్ళు పనికొస్తుంది.

ఇక గూగుల్ క్లాస్‌రూమ్ సంగతి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఎవరికి తోచింది వాళ్ళు వాడారు, ఎక్కువ మంది క్లాస్‌రూమ్, వాట్సాప్ గ్రూపులతోనే నెట్టుకొచ్చారు. ఇప్పుడు నువ్వు మారుస్తున్నది మూడుల్ ఒక్కటే అనుకుంటున్నావేమో, అసలు చదువు సగం అక్కడే ఉంది. క్లాస్‌రూమ్ నుంచి ఒక కోర్సుని ఒకే ఫైలుగా తీసి మూడుల్‌లో ఎక్కించే దారి లేదు, మెటీరియల్ దించుకుని మళ్ళీ పేర్చుకోవాల్సిందే. అక్కడ టీచర్ పెట్టిన ఫైళ్ళు ఆ టీచర్ డ్రైవ్‌లోనే ఉంటాయి. మన దగ్గర ఎన్ని పేపర్లు గెస్ట్ ఫ్యాకల్టీ చెబుతున్నారో నీకు తెలుసు. కాంట్రాక్ట్ అయిపోగానే అకౌంట్ తీసేస్తే వాళ్ళు పోగుచేసిందంతా దాంతోపాటే పోతుంది. అందుకని ముందు ఈ సెమిస్టర్‌తో వెళ్ళిపోయేవాళ్ళు, రిటైరయ్యేవాళ్ళ జాబితా రాసుకో, వాళ్ళ కోర్సులు మొట్టమొదట దించుకో, వాళ్ళని అడిగి, వాళ్ళ పేరు పెట్టి. ఇంకో మాట, గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడ్ లెక్కన డబ్బిస్తాం. ట్రైనింగ్‌కి రమ్మని, కోర్సులు కొత్తదాంట్లో పెట్టమని చెప్పి ఆ గంటలు లెక్కలోకి తీసుకోకపోతే అది అన్యాయం. ఫైలు పెట్టేటప్పుడే దానికి బడ్జెట్ రాయి.

పాత కోర్సులన్నీ కొత్తదాంట్లోకి మోసుకుపోవద్దు. ఒకే పేపరు ఐదేళ్ళుగా ఐదు కాపీలు ఉంటుంది, చివరిది తప్ప మిగతావి ఎవరూ తెరవరు. కానీ క్వశ్చన్ బ్యాంకులు మాత్రం ఒక్కటీ వదలకు. ఒక్కో లెక్చరర్ ఏళ్ళ తరబడి రాసుకున్న ప్రశ్నలవి, వాళ్ళ కష్టం అంతా అక్కడే ఉంది. మూడుల్ ఎక్స్ఎంఎల్ అనే రకం ఫైలుగా తీస్తే బొమ్మలతో సహా వస్తాయి. ఎక్కించాక ఒక్కో సబ్జెక్టుకి ఓ పది ప్రశ్నలు తెరిచి చూడు, లెక్కల ఈక్వేషన్లు, జతపరచండి ప్రశ్నలు ముఖ్యంగా. మూడుల్ మొదలుపెట్టిన మార్టిన్ డౌగియామస్ చిన్నప్పుడు ఆస్ట్రేలియాలో బడికి చాలా దూరంగా పెరిగి, రేడియోలో పాఠాలు విని చదువుకున్నాడు. 2002లో మొదటి వెర్షన్ వచ్చింది. దూరంగా ఉన్న పిల్లల కోసం ఆలోచించిన మనిషి చేసిన వస్తువని నాకు దానిమీద గౌరవం. దాన్ని మనం పెట్టుకునే పద్ధతిలోనూ ఆ దూరం గుర్తుండాలి.

వెండర్‌తో మీటింగుకి వెళ్ళే ముందు ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కి వెళ్ళు. అక్కడ ఏళ్ళుగా పనిచేస్తున్న సూపరింటెండెంట్ గారి పక్కన రెండు రోజులు కూర్చో. ఏ పిల్లవాడు డిటైన్ అయి కింది బ్యాచ్‌తో చదువుతున్నాడో, ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరింది ఎవరో, రీ-అడ్మిషన్ తీసుకున్నవాళ్ళకి ఏ రెగ్యులేషన్, అంటే ఏ ఏటి సిలబస్, నియమాలు వర్తిస్తాయో ఆయనకి నోటికి వచ్చు. ఒకే సబ్జెక్టుకి పాత రెగ్యులేషన్‌లో ఒక కోడ్, కొత్తదాంట్లో ఇంకో కోడ్ ఉంటుంది, క్లాసులో మాత్రం ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. ఈ లెక్క తేలకుండా పిల్లల్ని కోర్సుల్లో చేరిస్తే మొదటి రోజు వందల మందికి ఖాళీ పేజీ కనిపిస్తుంది.

యూజర్ నేమ్‌గా హాల్ టికెట్ నంబరే పెట్టు, ఈమెయిల్ పెట్టకు. ఆ నంబర్ల జాబితాని ఎక్సెల్‌లో ఊరికే డబుల్ క్లిక్ చేసి తెరవకు. పన్నెండు అంకెల నంబరుంటే దాన్ని 1.00522E+11 అని మార్చి చూపిస్తుంది, అలాగే సేవ్ చేస్తే చివరి అంకెలు పోయి అందరి నంబరూ ఒకటే అయిపోతుంది. ముందు సున్నా ఉంటే అదీ ఎగిరిపోతుంది. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టి ఇంపోర్ట్ చేసుకో, పేర్లు తెలుగులో ఉంటే అక్షరాలు చెడకుండా యూటీఎఫ్-8 ఎంచుకో. ఫోన్ నంబర్లని అసలు నమ్మకు. అడ్మిషన్ రోజు ఇచ్చింది నాన్నదో అన్నదో అయి ఉంటుంది, ఓటీపీ ఊళ్ళో మోగుతుంది, పిల్ల హాస్టల్లో ఉంటుంది. క్లాసులు మొదలవడానికి వారం ముందు ప్రతి సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) చేత క్లాసువారీగా నంబర్లు సరిచేయించు. నువ్వు పంపే ఈమెయిల్ ఎవరూ చదవరు, సీఆర్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది ఐదు నిమిషాల్లో అందరికీ చేరుతుంది. మొదటి రెండు వారాలు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం పాస్‌వర్డ్ గురించే ఉంటాయి, దానికి ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఒక మనిషి కావాలి.

సర్వర్ విషయానికొస్తే, ఎంతమంది విద్యార్థులున్నారన్నది కాదు, ఒకే నిమిషంలో ఎంతమంది లోపలికి వస్తారన్నది లెక్క వెయ్యి. మిడ్ పరీక్ష పది గంటలకి అంటే తొమ్మిది యాభై ఎనిమిదికి అందరూ ఒకేసారి లాగిన్ నొక్కుతారు. మార్కులు లేని ఒక ఉత్తుత్తి క్విజ్ పెట్టి, రెండు డిపార్ట్‌మెంట్ల పిల్లలందరినీ ఫోన్లతోనే, మొబైల్ డేటా మీదే రాయించు. ల్యాబ్‌లో వైఫై మీద బాగా నడిచిందని సంబరపడకు. మన పిల్లల్లో చాలామంది రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద నెట్టుకొస్తారు, దాన్ని అన్నదమ్ములు పంచుకునే ఇళ్ళూ ఉన్నాయి. వీడియోలు సర్వర్‌లో పెట్టకు, యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా, అంటే లింక్ ఉన్నవాళ్ళకే కనిపించేలా పెట్టి లింక్ ఇవ్వు, ఆ పాఠానికి నాలుగు పేజీల నోట్సు కూడా పక్కన ఉండాలి. మూడుల్ యాప్‌లో కోర్సు మెటీరియల్ దించుకుని నెట్ లేకుండా చదువుకోవచ్చని పిల్లలకి చేసి చూపించు, చెబితే చాలదు. మూడుల్ నడిచే పీహెచ్‌పీలో అప్‌లోడ్ పరిమితి మార్చకపోతే 2 ఎంబీయే ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసిన పన్నెండు పేజీల అసైన్‌మెంట్ అందులో పట్టదు, రాత్రి పదకొండున్నరకి ఎర్ర అక్షరాల్లో ఏదో వస్తే ఆ పిల్లలు భయపడిపోతారు. పరిమితి ముందే పెంచు, స్కాన్ చేసి పీడీఎఫ్ చేయడం మొదటి వారంలోనే నేర్పించు.

లెక్చరర్ల ట్రైనింగ్ ఆడిటోరియంలో పెట్టొద్దు. రెండు వందల మంది తెర చూసి, టీ తాగి, సంతకం పెట్టి వెళ్ళిపోతారు. వాళ్ళ స్టాఫ్ రూమ్‌కే వెళ్ళి, నలుగురేసి చొప్పున, వాళ్ళ సొంత కోర్సులోనే ఒక అసైన్‌మెంట్ పెట్టించి, ఒక పేపర్ దిద్దించి, మార్కు వేయించు. ఆ రోజుకి అది చాలు. మౌస్ మాత్రం నువ్వు పట్టుకోకు. సీనియర్ ప్రొఫెసర్లు మొదట్లో చిరాకు పడతారు, పడనివ్వు, వాళ్ళకి భయం పదిమంది ముందు తెలియదని బయటపడటం గురించే. ఒంటరిగా అరగంట కూర్చుంటే ఆయనే రెండో వారం ఇంకొకరికి నేర్పిస్తారు, నేను చూశాను.

కంపెనీ దగ్గర హోస్టింగ్ తీసుకునేటట్టయితే అగ్రిమెంట్‌లో బయటికి వచ్చే దారి రాయించు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో పుట్టిన వెబ్‌సీటీ అనే ఎల్ఎంఎస్‌ని 2006లో బ్లాక్‌బోర్డ్ అనే కంపెనీ కొనేసింది, దాన్ని వాడుతున్న యూనివర్సిటీలన్నీ క్రమంగా వేరేదానికి మారాల్సి వచ్చింది. విద్యాసంస్థలకి ఉచితంగా హద్దు లేకుండా ఇచ్చిన స్టోరేజ్‌కి గూగుల్ 2021లో పరిమితి ప్రకటించింది, 2022 జూలై నుంచి సంస్థ మొత్తానికీ కలిపి 100 టీబీయే. వాళ్ళ లెక్కలు వాళ్ళవి, మన జాగ్రత్త మనది. ప్రతి వారం పూర్తి బ్యాకప్ మన క్యాంపస్‌లోని మెషీన్‌కి రావాలి, మూడు నెలలకోసారి దాన్ని ఖాళీ సర్వర్ మీద ఎక్కించి తెరుచుకుంటుందో లేదో చూడాలి. పిల్లల వివరాలు ఎక్కడ దాస్తారో, కాంట్రాక్ట్ అయ్యాక ఎప్పుడు చెరిపేస్తారో రాసివ్వమను. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం ఆ బాధ్యత మన మీద కూడా ఉంటుంది.

పాత సైటు ఎప్పుడు ఆపాలని అడిగావు కదా. కొత్తది నడుస్తోంది కదా అని ఆరు నెలలకే ఆ సర్వర్ ఖాళీ చేయమంటారు, వినకు. సప్లిమెంటరీలు రాసే పిల్లలకి పాత రెగ్యులేషన్ మెటీరియల్ అందులోనే ఉంది. యూనివర్సిటీలకి గుర్తింపు ఇచ్చే న్యాక్ వాళ్ళు అడిగేది ఐదేళ్ళ రికార్డు, అప్పుడు అందరూ నీ దగ్గరికే పరిగెత్తుకొస్తారు. రీడ్-ఓన్లీగా, అంటే చూడటానికి మాత్రమే వీలుండేలా, చిన్న మెషీన్ మీద ఉంచు, చివరి బ్యాచ్ పాసయ్యేదాకా. మార్కుల పట్టికలు మాత్రం కోర్సు వారీగా ప్రింట్ తీయించి, కంట్రోలర్ గారి సంతకంతో ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో పెట్టించు.

ఆ ఉత్తుత్తి క్విజ్ ఏ రోజు పెడతావో ముందే చెప్పు. నేను వచ్చి కామర్స్ బ్లాక్ దగ్గర పిల్లల మధ్య నిలబడి, ఎవరి ఫోన్‌లో ఏ పేజీ దగ్గర ఆగిందో రాసి నీకు ఇస్తాను.