గొంతు లేనివాళ్ళకి సంగీతం పీరియడ్ దేనికంటే

"మా అబ్బాయి తొమ్మిదో తరగతి. బళ్ళో వారానికో సంగీతం పీరియడ్ పెట్టారు. గొంతు లేని పిల్లలకి అది టైం వేస్టు కాదా?" అని అడిగారు.

గొంతు లేదని ఎవరు తేల్చారండీ? ఆ వయసులో గొంతు మారుతున్న మగపిల్లాడికి గొంతు లేకపోవడం కాదు, పాత సన్నగొంతూ కొత్త బొంగురుగొంతూ రెండుంటాయి. ఏది ఎప్పుడు బయటికొస్తుందో వాడికే తెలీదు.

నేను చదివింది విజయనగరం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో. మా సంగీతం మేస్టారు విజయనగరం సంగీత కళాశాల విద్యార్థి. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలుగా మొదలైన కాలేజీ, ఘంటసాల చదివిన కాలేజీ. ఆ దర్జా ఆయన పంచెకట్టులోనే తెలిసిపోయేది.

ప్రార్థనలో ముందు నిలబడి ఎత్తుకునేది ఎప్పుడూ ఆడపిల్లలే. వాళ్ళ శ్రుతిలో, అంటే వాళ్ళ గొంతుకి సరిపడే ఎత్తులో, "జనగణమన" మొదట్లో బాగానే సాగేది. చివర్లో మొదటి "జయహే" పై షడ్జం, అంటే పై 'స' మీద ఉంటుంది కదా, అక్కడికొచ్చేసరికి మా మగపిల్లల వరసలో కొందరు కీచుమనేవారు, మిగతావాళ్ళం పెదాలాడించి ఊరుకునేవాళ్ళం. దేశభక్తి లేదని హెడ్మాస్టరుగారు ఓ రోజు మమ్మల్ని ఎండలో నిలబెట్టేశారు.

మర్నాడు మేస్టారు మా పొడుగు వరసని పిలిచి హార్మోనియం ముందు కూర్చోబెట్టారు. "పాడొద్దురా. పేరూ, ఊరూ చెప్పండి చాలు" అన్నారు. ఒక్కొక్కడు చెబుతుంటే మెట్లు నొక్కుకుంటూ కిందికి దిగి, ఒకచోట ఆగి, "ఇదిగో, నీ షడ్జం ఇక్కడుంది" అనేవారు. నాది ఒక నల్లమెట్టు మీద దొరికింది. నాకూ ఒక షడ్జం, పాట ఎత్తుకోవడానికి నాదైన 'స', ఉందన్న సంగతి అప్పుడే తెలిసింది.

ఆ వారం నుంచి ప్రార్థన శ్రుతి దించేశారు. ఆడపిల్లలు "మరీ కిందకైపోయింది మేస్టారూ" అని గొణిగారు. "జయహే దగ్గర ఎవడూ నోరు మూసుకోకూడదమ్మా, కాస్త సర్దుకోండి" అన్నారాయన. ఠాగూర్ ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చింది 1919లో మన మదనపల్లెలోనే, అక్కడే ఐర్లండు నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్ అనే సంగీతం తెలిసినావిడ దానికి స్వరాలు రాసిపెట్టింది అని కూడా ఆయనే చెప్పారు. ఇన్నేళ్ళయినా మన బళ్ళలో దాన్ని ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో పట్టించుకునే నాథుడు లేడు.

గాయకుల్ని తయారుచేయడానికి హైస్కూలు పీరియడ్ చాలదు. వాళ్ళు ఏడెనిమిదేళ్ళకే ఎవరి దగ్గరో మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, అంటే సంగీతం తొలిపాఠాలు, మొదలుపెట్టేసి ఉంటారు. ఈ పీరియడ్ మిగతావాళ్ళ కోసం. "నాకు పాట రాదండీ" అనే మగాళ్ళలో నూటికి తొంభైమంది తొమ్మిదో తరగతిలో నోరు కట్టేసుకున్నవాళ్ళేనని నా గట్టి నమ్మకం.

ఇక వార్షికోత్సవాల సంగతి ఎత్తకండి. పెన్‌డ్రైవ్‌లో సినిమా పాట, దానికి స్టెప్పులు, అదే సంగీతమట. ప్రోగ్రెస్ కార్డులో కళలకో గడి ఉంటుంది, అందులో పాడినవాడికీ పడుకున్నవాడికీ ఒకటే గ్రేడు. టీవీ పోటీల్లో పిల్లల చేత కన్నీళ్ళు పెట్టించడం ఇంకో దౌర్భాగ్యం.

మా బళ్ళో అయితే పదో తరగతికి రాగానే లెక్కల మేస్టారు వచ్చి "సంగీతం లేదు, సింగినాదం లేదు, త్రికోణమితి తియ్యండి" అనేవారు. అంచేత మీరు టైం వేస్టు గురించి బెంగపడేముందు, ఆ పీరియడ్‌లో అసలు జరుగుతున్నది సంగీతమో లెక్కలో మీ అబ్బాయినడిగి చూడండి.