మెలకువా? మెళకువా?

సందేహం: మా చర్చి గోడమీద ఈమధ్య 'మెళకువగా ఉండుడి' అని రాయించారు. 'మెలకువ' అని ఉండాలి కదా అంటే, రెండూ ఒకటేలే అన్నారు. ఏది ఒప్పు? ఇంకొక సందేహం కూడా ఉంది. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో పెండ్లికుమారుడి కోసం ఎదురుచూస్తూ పదిమంది కన్యకలూ నిద్రపోయారు, బుద్ధిగలవాళ్ళతో సహా. అయినా కథ చివర ప్రభువు 'మెలకువగా ఉండుడి' అన్నాడు. ఇది ఎలా పొసుగుతుంది?

సమాధానం: మీరన్నదే ఒప్పు. మేలుకొను, మేల్కొలుపు, మెలకువ ఒక కుటుంబంలోవి. వీటిలో ఉన్నది లకారమే. 'తెల్లవారుజామున మెలకువ వచ్చింది' అంటాం. ఆవకాయ పెట్టడంలోనో, వీణ వాయించడంలోనో ఉండే నేర్పును 'మెళకువ' అంటాం. పత్రికల్లో ఈ రెండూ కలిసిపోతున్నా, వేరుగా ఉంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మీ గోడమీది మాటను నేర్పుగా ఉండమన్నట్టు చదువుకునే ప్రమాదం ఉంది.

రెండో సందేహం ఇంతకంటే లోతైనది. మెలకువకు నిద్రపోకుండా ఉండడమనే అర్థంతోపాటు ఏమరుపాటు లేకుండా ఉండడమనే అర్థమూ ఉంది. మనం రోజూ అనే 'జాగ్రత్త' కూడా అలా వచ్చిందే. దాని మూలం సంస్కృతంలో మేలుకొని ఉండడాన్ని చెప్పే మాట. శివరాత్రి జాగారం ఆ మొదటి అర్థంలోనే నిలిచిపోయింది, జాగ్రత్త రెండో అర్థంలో స్థిరపడింది. సువార్తలో రెండు అర్థాలూ కనిపిస్తాయి. గెత్సేమనే తోటలో ప్రభువు 'ఒక గడియయైనను నాతోకూడ మేల్కొనియుండలేరా?' అని నిద్రపోతున్న శిష్యుడు పేతురును అడిగినప్పుడు అది అచ్చంగా కళ్ళు తెరుచుకుని ఉండడమే. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో కూర్చునేవాళ్ళకు ఆ కష్టం తెలుసు. కన్యకల కథలో అర్థం వేరు. పెండ్లికుమారుడు ఆలస్యం చేస్తే అందరూ కునికారు, అందుకు ఎవరినీ తప్పుపట్టలేదు. బుద్ధిగలవాళ్ళు దివిటీలతోపాటు సిద్దెలలో, అంటే చిన్న పాత్రల్లో, నూనె కూడా తెచ్చుకున్నారు. అర్ధరాత్రి కేక వినబడేసరికి వాళ్ళకు టెన్షన్ లేదు. నిద్రలోకూడా వాళ్ళు మెలకువగా ఉన్నట్టే.

ఈ అర్థం ఇంకా తేటగా తెలియాలంటే ఒక అధ్యాయం వెనక్కి వెళ్ళండి. 'మెలకువగా నుండుడి' అన్న కాసేపటికే ప్రభువు ఒక దాసుణ్ణి చూపిస్తాడు. ఇంటివాళ్ళకు తగినవేళ అన్నం పెట్టమని యజమాని అతనికి ఇల్లు అప్పగించి వెళ్ళాడు. ప్రభువు అతన్ని 'నమ్మకమైనవాడు' అన్నాడు. నమ్మేవాణ్ణి విశ్వాసి అంటాం. ఇల్లు అప్పగించి నిశ్చింతగా వెళ్ళగలిగితే ఆ మనిషిని నమ్మకమైనవాడంటాం. యజమాని తిరిగొచ్చేటప్పటికి ఆ దాసుడు వాకిట్లో నిలబడి దారి చూస్తూ ఉండాలని అక్కడ లేదు. చెప్పిన పని చేస్తూ కనబడాలనే ఉంది. చెడ్డ దాసుడు యజమాని ఆలస్యం చేస్తున్నాడనుకున్నాడు, తోటి దాసులను కొట్టాడు, తాగుబోతులతో కలిసి తిన్నాడు, తాగాడు. అతనికి నిద్ర పట్టిందని ఎక్కడా లేదు. కళ్ళు తెరిచే ఉన్నా మెలకువ లేనివాడు అతను. సండేస్కూలు పిల్లలకు ఈ రెండు కథలూ కలిపి చెబితే మీ సందేహం వాళ్ళకు రాదు.

గోడమీద ళకారాన్ని లకారంగా దిద్దించండి. 'ఉండుడి'ని మాత్రం ముట్టుకోవద్దు. అది పాత అనువాదంలోని మాట, చదివేవాళ్ళ నోటికి అలవాటైనది.