పైన్ నాటితే పుట్టగొడుగులు వస్తాయా?

ప్రశ్న: యర్రగుంట్ల దగ్గర సున్నపురాయి తవ్వి వదిలేసిన భూమి మాకు మూడెకరాలు ఉంది. గుంతలు పూడ్చి పైన మట్టి తోలించాం. జర్మనీలో ఉండే మా తమ్ముడు, పాత బొగ్గు గనుల మీద పెంచిన పైన్ తోటలో బుట్టలకొద్దీ పుట్టగొడుగులు ఏరుతున్న వీడియో పంపాడు. మేమూ పైన్ నాటితే అలా వస్తాయా సార్?
- ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: రావండీ. మొక్కల మీద డబ్బు పెట్టకండి. మన రాష్ట్రంలో పైన్ చూడాలంటే అరకు కొండలకు పోవాలి, యర్రగుంట్ల మే నెల ఎండకు అది నిలవడం కష్టం, పైగా పైన్‌లో చాలా రకాలకు సున్నం నేల పడదు.

మీ తమ్ముడున్న దేశం సంగతి వేరు. అక్కడ తూర్పున లుసేషియా అనే ప్రాంతంలో లిగ్నైట్ బొగ్గు తీశాక మిగిలిన నేలల్లో పైన్ విరివిగా నాటారు. ఆ మట్టిలోని పైరైట్‌కు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలీ నీరూ తగిలితే ఆమ్లం పుడుతుంది, సత్తువా ఉండదు. అలాంటి చోట పైన్‌ను బతికించేది దాని సన్నవేళ్ల చుట్టూ తొడుగులా అల్లుకునే శిలీంధ్రం. అది మట్టిలోంచి భాస్వరం, నీరు లాగి చెట్టుకిస్తుంది, చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. వానలు పడ్డాక నేల మీదికొచ్చే గొడుగు ఆ శిలీంధ్రం కాసిన కాయే, అసలు ఒళ్లంతా మట్టిలోనే ఉంటుంది. అమెరికాలో 1970లలో డొనాల్డ్ మార్క్స్ అనే శాస్త్రవేత్త ఇలాంటి ఒక శిలీంధ్రాన్ని, పైసోలిథస్‌ను, నర్సరీలోనే పైన్ నారుకు అంటించి బొగ్గు గనుల మట్టికుప్పల మీద నాటించాడు. ఆయన పని పుట్టగొడుగుల కోసం కాదు, చెట్లు బతకడం కోసం.

పైసోలిథస్ జామాయిల్ కింద కూడా వస్తుంది. బంగాళాదుంపంత గోధుమరంగు ముద్ద, కోస్తే లోపల గింజలు గింజలుగా ఉంటుంది, ముదిరితే పగిలి పొడి రాలి చేతులకు అంటుకుంటుంది. కూరకు మాత్రం పనికిరాదు. వేప, కానుగ, చింత వేళ్లకూ శిలీంధ్రం తోడుంటుంది గానీ అది వేరే తెగ, గొడుగులు పెట్టదు. అయినా మీ నేలకు కానుగ, వేప, సీతాఫలమే నయం.

గని నేలలో ఏవైనా గొడుగులు మొలిచినా తినకండి. కొన్ని రకాలు మట్టిలోని కాడ్మియం లాంటి లోహాల్ని ఒంట్లోకి లాగేసుకుంటాయి. వండేటప్పుడు వెండి నాణెం వేస్తే నల్లబడలేదు కాబట్టి మంచిదే అనే మాట నమ్మితే ప్రాణం మీదికొస్తుంది, ఎందుకంటే అన్నిటికంటే ప్రమాదకరమైన విషం వెండిని నల్లబరచదు, ఉడికించినా పోదు, వాంతులు మొదలయ్యేసరికి ఆరు నుంచి పన్నెండు గంటలు గడిచిపోతాయి.

పుట్టగొడుగులే కావాలంటే షెడ్డులో వరిగడ్డి మీద పాల పుట్టగొడుగు వేయండి, 30-35 డిగ్రీల వేడిలోనూ కాస్తుంది, తేమ తగ్గకుండా చూసుకుంటే చాలు. ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రంలో ఒకసారి అడిగి చూడండి. విత్తనం ప్యాకెట్ కొనేటప్పుడు లోపల బూజు తెల్లగా పట్టి ఉండాలి, ఆకుపచ్చ మచ్చ ఒక్కటి కనబడినా వెనక్కి ఇచ్చేయండి.